ముడి చమురులో ఆనవాళ్ల వేట: పట్టుకోవడం కన్నా వదిలించుకోవడమే కష్టం

1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకర్ ఓడ అలాస్కాలో ఒక రాతి దిబ్బను గుద్దుకుంది. దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు ప్రిన్స్ విలియం సౌండ్ నీళ్లలో కలిసిపోయింది. ఆ తర్వాత ఆ ఒడ్డున దొరికిన తారు ముద్దల్ని ఏరి ల్యాబులో పరీక్షిస్తే ఒక వింత బయటపడింది. వాటిలో కొన్నింటికి ఆ ఓడతో సంబంధమే లేదు, అవి కాలిఫోర్నియాలోని మాంటెరే శిలల్లో పుట్టిన చమురు తాలూకు ముద్దలు. అంత దూరం నుంచి ఎలా వచ్చాయా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే 1964 నాటి మహా భూకంపం దగ్గర ఆగారు. అప్పట్లో అలాస్కాలో వాడే తారు కాలిఫోర్నియా నుంచి వచ్చేది, భూకంపానికి నిల్వ ట్యాంకులు పగిలి అదంతా సముద్రం పాలైంది, పాతికేళ్లు దాటినా ఆ ముద్దలు ఒడ్డున అలాగే పడి ఉన్నాయి.

రెండు నల్ల ముద్దల్ని పక్కపక్కన పెడితే కంటికి తేడా ఏమీ కనపడదు. సాంద్రత కొలిచి చెబుదామా అంటే ఎండకీ అలలకీ అది ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అక్కడ గుట్టు విప్పింది కార్బన్ ఐసోటోపులూ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు), వాటితో పాటు ముద్ద బరువులో పదివేలో వంతో లక్షో వంతో ఉండే కొన్ని అణువులూ. మంచి మెషీన్ ఉంటే చాలు, శాంపిల్ అందులో పడేస్తే ఏముందో అదే చెప్పేస్తుంది అనుకుంటారు చాలామంది. నన్నడిగితే మెషీన్ చేసేది సగం పని కూడా కాదు. అసలు తంటా అంతా అది మొదలవ్వకముందే, అక్కర్లేని 99.99 శాతాన్ని పక్కకు తప్పించడంలో ఉంది.

ఎందుకంత కష్టం? గడ్డివాములో సూది వెతకడం అంటుంటాం కదా, అది నిజానికి సులువైన పని, సూది గడ్డిలా ఉండదు కాబట్టి అయస్కాంతం పెడితే వచ్చేస్తుంది. క్రూడ్‌లో, అంటే ముడి చమురులో, వెతికేది సూదిని కాదు, గడ్డివాములో ఒక ఫలానా గడ్డిపరకని. మనకు కావలసినదీ కార్బన్, హైడ్రోజన్‌లే, చుట్టూ ఉన్నదీ కార్బన్, హైడ్రోజన్‌లే, అక్కడక్కడ సల్ఫర్, నైట్రోజన్, ఆక్సిజన్. నీళ్లలో పురుగుమందు వెతికేవాళ్లకు ఈ బాధ ఇంతగా లేదు, నీరు వేరు మందు వేరు. ఇక్కడ అందరూ ఒకే ఇంటిపేరు వాళ్లు.

ఎంతమంది అంటారా? అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1927లో ప్రాజెక్ట్ 6 అని ఒకటి మొదలుపెట్టింది. ఓక్లహోమాలోని పోంకా ప్రాంతపు క్రూడ్ తీసుకుని, అందులో ఉన్న హైడ్రోకార్బన్లను ఒక్కొక్కటిగా విడదీసి సీసాల్లో పెట్టాలన్నది పని. స్వేదనం, సాల్వెంట్లతో వేరుచేయడం, స్ఫటికీకరణ, అధిశోషణ ఇలా అప్పటికి తెలిసిన విద్యలన్నీ వాడారు. దాదాపు నలభై ఏళ్లు కష్టపడినా లెక్క వందల్లోనే ఆగింది. ఈరోజు అణువుల బరువు తూచే అత్యంత శక్తిమంతమైన మాస్ స్పెక్ట్రోమీటర్లో ఒక బరువైన క్రూడ్ పెడితే పదుల వేల రసాయన సూత్రాలు కనిపిస్తాయి, ఒక్కో సూత్రానికి ఎన్ని ఐసోమర్లుంటాయో (సూత్రం ఒకటే, ఆకారం వేరు) అది మళ్లీ వేరే లెక్క. వాళ్ల పనితనం తక్కువేమీ కాదు, గడ్డివామే అంత పెద్దది.

అందుకే ఎవరూ నేరుగా పరక కోసం వెళ్లరు. ముందు వామును నాలుగు కుప్పలు చేస్తారు. దీన్ని సారా అంటారు (నవ్వకండి, శాచురేట్స్, ఆరోమాటిక్స్, రెజిన్స్, ఆస్ఫాల్టీన్స్ అనే నాలుగు పేర్ల మొదటి అక్షరాలవి). క్రూడ్‌లో నలభై రెట్లు హెప్టేన్ పోసి కలిపి వదిలేస్తే ముదురు గోధుమ రంగు పొడిలాంటిది కిందికి దిగుతుంది, అదే ఆస్ఫాల్టీన్. వడపోసి తీసేస్తారు. ఇక్కడో తమాషా ఉంది: హెప్టేన్ బదులు పెంటేన్ పోస్తే దిగే పొడి ఎక్కువగా ఉంటుంది, అంటే ఆస్ఫాల్టీన్ ఎంత అన్నది మీరు ఏ సీసా తీశారన్న దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఏ సాల్వెంట్ వాడారో చెప్పకుండా ఎవరైనా ఆస్ఫాల్టీన్ ఇంత శాతం అని రాస్తే ఆ అంకెను నమ్మకండి.

మిగిలిన ద్రవాన్ని సిలికా నింపిన గాజు కాలమ్ మీద పోస్తారు. హెక్సేన్ పోస్తే రంగులేని శాచురేట్స్ ముందు దిగుతాయి, సిలికాకు వాటి మీద పెద్ద ఇష్టం ఉండదు కాబట్టి. తర్వాత టాలుయీన్ లాంటిదో, డైక్లోరోమీథేన్ కలిపిన హెక్సేనో పోస్తే పసుపు పచ్చగా ఆరోమాటిక్స్ వస్తాయి, అతినీలలోహిత దీపం పట్టుకుంటే ఆ పట్టీ మెరుస్తూ కిందికి జారడం కనిపిస్తుంది. చివర్లో మెథనాల్ కలిపిన డైక్లోరోమీథేన్ పోస్తే గానీ రెజిన్స్ కదలవు. చూడటానికి స్కూల్లో సుద్దముక్క మీద సిరా విడదీసిన ప్రయోగంలాగే ఉంటుంది, మూలం కూడా అదే. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ ఆకుల రంగుల్ని ఇలాగే సుద్దపొడి కాలమ్‌లో విడదీశాడు. సిలికా గాలిలోని తేమ పీల్చుకుంటే దాని పట్టు సడలి కుప్పలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అందుకే వాడే ముందు ఓవెన్‌లో పెట్టి బాగా ఎండబెడతారు. ఇలాంటి చిన్న నిర్లక్ష్యాలే ఈ పనిలో కొంప ముంచేది.

ఇప్పుడు ఏ ఆనవాలు ఏ కుప్పలో ఉంటుందన్నది ముఖ్యం. తారు ముద్దల కథలో పని చేసిన ఆ కొద్దిపాటి అణువులు, అంటే హోపేన్లు, స్టెరేన్లు అనేవి, శాచురేట్స్‌లో ఉంటాయి. అక్కడే పొడుగ్గా తీగల్లా ఉండే సాధారణ పారఫిన్లూ ఉంటాయి, చాలా క్రూడ్‌లలో అవి వీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటిని తీసేయాలంటే ఒక అందమైన ఉపాయం ఉంది, యూరియా. మనం పొలంలో చల్లే యూరియానే. మిథనాల్‌లో కరిగించి కలిపితే యూరియా అణువులు స్ఫటికం కడుతూ మధ్యలో సన్నని సొరంగాలు వదులుతాయి, ఆ సొరంగంలో తీగలాంటి పారఫిన్ పడుతుంది, కొమ్మలున్నదీ వలయాలున్నదీ పట్టదు. స్ఫటికాల్ని వడపోస్తే పారఫిన్లు వాటితో వెళ్లిపోతాయి, మనకు కావలసినవి ద్రవంలో మిగులుతాయి. దీన్ని 1940లో జర్మనీలో ఫ్రీడ్రిష్ బెంగెన్ అనే ఆయన కనిపెట్టాడు, అదీ చమురు కోసం కాదు, పాల ప్రొటీన్ల మీద యూరియా ఏం చేస్తుందో చూస్తుంటే అనుకోకుండా తగిలింది. ఇప్పుడు చాలాచోట్ల యూరియా బదులు 5 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రాలున్న మాలిక్యులర్ సీవ్ వాడతారు, సూత్రం అదే, సన్నగా ఉన్నవాడు లోపలికి, లావుగా ఉన్నవాడు బయటే.

ఇంత చేశాక మెషీన్ వంతు. గ్యాస్ క్రొమటోగ్రఫీ (ఆవిరిని సన్నని గొట్టంలో నడిపించి విడదీసే పద్ధతి), దాని వెనక మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే జీసీ-ఎంఎస్. కాలమ్ అంటే ఇక్కడ పావు మిల్లీమీటరు లోపలి వ్యాసమున్న గొట్టం, పొడవు 30 నుంచి 60 మీటర్లు, చుట్టలా చుట్టి ఓవెన్‌లో పెడతారు. వేడిని నిమిషానికి రెండు మూడు డిగ్రీల చొప్పున నింపాదిగా పెంచుకుంటూ 300 డిగ్రీలు దాటిస్తారు. ఒక్క శాంపిల్‌కు గంట పైనే పడుతుంది, తొందరపడితే పక్కపక్క పీకులు (గ్రాఫులో ఒక్కో అణువుకు లేచే శిఖరాలు) అతుక్కుపోతాయి. సూక్ష్మజీవులు తినేసిన క్రూడ్ అయితే ఇంత చేసినా పీకుల కింద ఎద్దు మూపురంలా ఒక గుట్ట లేస్తుంది, వేల అణువులు ఒకదాని మీద ఒకటి పడిపోయి విడివడని మిశ్రమం అది. ఆ మూపురాన్ని విప్పడానికే రెండు వేర్వేరు స్వభావాల కాలమ్‌లను వరసగా కలిపి, మొదటిదాంట్లోంచి కొన్ని క్షణాలకోసారి కొంచెం కొంచెం రెండోదాంట్లోకి తోసే పద్ధతి 1990ల నుంచి వచ్చింది. అప్పుడు గీతలా వచ్చే క్రొమటోగ్రామ్ ఒక పటంలా పరుచుకుంటుంది.

మాస్ స్పెక్ట్రోమీటర్ అణువును ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేసి ముక్కల బరువు చూస్తుంది. చాలా హోపేన్లు పగిలినప్పుడు 191 బరువున్న ముక్క గట్టిగా వస్తుంది, స్టెరేన్లకు 217. అందుకని మెషీన్‌ను అన్ని బరువులూ చూడమనకుండా ఆ రెండు మూడు అంకెల మీదే కాపలా కాయమంటారు, దాంతో చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంకో మెట్టు పైకెళ్తే 412 బరువున్న తల్లి అణువు పగిలి 191 ఇచ్చినప్పుడు మాత్రమే లెక్కలో వేసుకో అని చెప్పొచ్చు. అలా అడిగితే 30 కార్బన్ల హోపేన్ వస్తుంది, దాంతోపాటు అదే బరువున్న ఓలియనేన్, గామాసెరేన్ కూడా వస్తాయి, కాలమ్ వాటిని వేర్వేరు సమయాల్లో దింపుతుంది కాబట్టి గుర్తుపడతాం. అయితే మామూలు కాలమ్‌ల మీద ఓలియనేన్, లూపేన్ అనేవి ఒకే చోట దిగుతాయి. ఒకే చోట, ఒకే బరువుతో. మెషీన్ దాన్ని ఒక్క పీకుగా చూపించి ఊరుకుంటుంది, అనుమానించాల్సింది మనిషే.

ఈ అణువులకు అంత విలువ ఎందుకంటే అవి ఒకప్పటి జీవుల అస్థిపంజరాలు. హోపేన్లు బ్యాక్టీరియా పొరల్లోంచి వచ్చాయి. స్టెరేన్లు కేంద్రకమున్న జీవుల స్టెరాల్స్ నుంచి వచ్చాయి, మన ఒంట్లోని కొలెస్ట్రాల్ కూడా ఆ కుటుంబమే. ఓలియనేన్ పూల మొక్కల గుర్తు, కాబట్టి ఒక క్రూడ్‌లో అది బాగా కనిపిస్తే ఆ చమురు పుట్టిన శిల క్రెటేషియస్ కాలానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలని అంచనా వేస్తారు. కనపడకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, ఆ చుట్టుపక్కల చెట్లు లేకపోయి ఉండొచ్చు.

వయసు సంగతి అలా ఉంచితే, చమురు ఎంత ఉడికిందన్నది కూడా వీటిలోనే రాసి ఉంటుంది. జీవులు స్టెరాల్‌ను 20వ కార్బన్ దగ్గర ఒకే చేతివాటంతో, ఆర్ రూపంలో, తయారు చేస్తాయి. భూమి లోపలి వేడికి లక్షల ఏళ్లలో అందులో కొంత ఎస్ రూపంలోకి తిరుగుతుంది, తిరిగి తిరిగి ఎస్ వాటా 55 శాతం దగ్గరకు వచ్చాక ఆగిపోతుంది. ఆ నిష్పత్తి 20 శాతమే ఉంటే శిల ఇంకా పచ్చిగా ఉందని, 50 దాటితే చమురు పుట్టే వేడి బాగానే తగిలిందని అర్థం. 55 చేరాక ఈ గడియారం ఆగిపోతుంది కాబట్టి ఆపైన ఎంత వేడెక్కిందో ఇది చెప్పలేదు, దానికి వేరే అణువుల్ని అడగాలి.

హోపేన్‌కు ఇంకో గుణం ఉంది, సూక్ష్మజీవులకు అది అంత తేలిగ్గా అరగదు. చమురు ఒలికాక అవి ముందు సాధారణ పారఫిన్లను తింటాయి, తర్వాత ప్రిస్టేన్, ఫైటేన్ లాంటి కొమ్మలున్నవాటి జోలికి వెళ్తాయి, హోపేన్‌ను దాదాపు చివరి దాకా వదిలేస్తాయి. అందుకే ఎక్సాన్ వాల్డెజ్ ఒలుకు తర్వాత ఒడ్డున చమురు ఎంత తగ్గిందో లెక్కగట్టడానికి హోపేన్‌ను కొలబద్దగా వాడారు. మిగతాది ఎంత పోయిందో పోనిది చెబుతుందన్నమాట.

ఈ శాస్త్రానికి ఆద్యుడు మాత్రం హోపేన్లు చూడలేదు. 1934లో మ్యూనిక్‌లో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ క్రూడ్‌లోనూ చమురు శిలల్లోనూ పోర్ఫిరిన్లను కనిపెట్టాడు, మధ్యలో వెనేడియం కూర్చుని ఉన్న నాలుగు మూలల వలయాలు అవి. అలాంటి వలయమే మధ్యలో మెగ్నీషియంతో ఆకుల క్లోరోఫిల్‌లో ఉంటుంది. చమురు జీవుల నుంచే పుట్టిందనడానికి అణువు స్థాయిలో దొరికిన మొదటి గట్టి సాక్ష్యం ఇది. జీసీ గానీ జీసీ-ఎంఎస్ గానీ అప్పటికి పుట్టనే లేదు (జేమ్స్, మార్టిన్ గ్యాస్ క్రొమటోగ్రఫీ ప్రచురించింది 1952లో), ఆయన దగ్గర ఉన్నవల్లా ఆమ్లాలు, సాల్వెంట్లు, స్పెక్ట్రోస్కోపు, ఓపిక. పోర్ఫిరిన్లకు 400 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని గట్టిగా మింగే పట్టీ ఉంటుంది, మిగతా చమురును వదిలించుకోగలిగితే చాలు ఆ పట్టీ దానంతటదే కనిపిస్తుంది. పరికరం కన్నా విడదీతే ముఖ్యమని నేను మొండిగా వాదించడానికి ట్రైబ్స్ ఒక్కడు చాలు.

రిఫైనరీ వాళ్లకు ఈ చరిత్రతో పనిలేదు, వాళ్లకు వేరే ఆనవాళ్లతో గొడవ. పోర్ఫిరిన్లలోని వెనేడియం, నికెల్ వాళ్ల ఉత్ప్రేరకాన్ని చంపేస్తాయి. చమురులోనే ఉండే నాఫ్తెనిక్ ఆమ్లాలు వేడి గొట్టాల్ని లోపలి నుంచి కొరికేస్తాయి. వీటన్నిటిలోకీ నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఆర్న్ అనే ఆమ్లాల కథ. నార్వే సముద్ర క్షేత్రాల్లో చమురును నీటి నుంచి వేరుచేసే పాత్రల్లో గట్టి జిగురులాంటి పదార్థం పేరుకుపోయేది, అది కాల్షియం సబ్బు అని తెలుసు గానీ ఏ ఆమ్లంతో అన్నది చాలాకాలం తేలలేదు, ఎందుకంటే అందరూ మామూలు నాఫ్తెనిక్ ఆమ్లాల బరువుల్లో, అంటే 200 నుంచి 600 మధ్య, వెతుకుతున్నారు. చివరికి దొరికింది 1230 దగ్గర బరువున్న, 80 కార్బన్లు, నాలుగు ఆమ్ల గుంపులు ఉన్న అణువు. నాలుగు చేతులతో నాలుగు వైపులా కాల్షియంను పట్టుకుని వల అల్లేస్తుంది. చమురులో అది ఉండేది పీపీఎంలలో, అంటే కిలోకు కొన్ని మిల్లీగ్రాములు, చేసే నష్టం మాత్రం ఉత్పత్తి ఆపుకునేంత. ఎక్కువ ఉన్నదే ముఖ్యం అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇలాంటి ఆమ్లాలు జీసీలో నేరుగా నడవవు, గొట్టానికి అతుక్కుంటాయి. క్షారంతో కడిగి తీద్దామంటే ఆమ్లాలు సబ్బులుగా మారి చమురు, నీరు కలిసి మజ్జిగలా చిలికేసుకుంటాయి, విడగొట్టేసరికి సాయంత్రమవుతుంది. అందుకని అయాన్ మార్పిడి చేసే ఘన పదార్థం మీద పట్టి ఉంచి, మిగతాది కడిగేసి, తర్వాత ఆమ్లాన్ని విడిపించి, మిథైల్ ఎస్టర్లుగా మార్చి జీసీలోకి పంపుతారు. లేదంటే జీసీనే వదిలేసి, ఎలక్ట్రోస్ప్రేతో అయాన్లుగా మార్చి ఎఫ్‌టీ-ఐసీఆర్ అనే భారీ అయస్కాంతమున్న మాస్ స్పెక్ట్రోమీటర్లో పెడతారు. దాని సత్తా ఒక్క ఉదాహరణతో చెప్తాను. మూడు కార్బన్ల బరువు 36.0000, ఒక సల్ఫర్, నాలుగు హైడ్రోజన్‌ల బరువు 36.0034. క్రూడ్‌లో ఈ తేడాతో ఉండే జంటలు కోకొల్లలు, సాధారణ మెషీన్‌కు రెండూ ఒకటే, దీనికి వేర్వేరు. కానీ ఇది కూడా సూత్రమే చెబుతుంది, ఆకారం చెప్పదు. కుడి చేతివాటమా ఎడమదా అన్నది కావాలంటే మళ్లీ ఆ 60 మీటర్ల గొట్టం దగ్గరకు రావాల్సిందే.

ఇంత విడదీతలో ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. సాల్వెంట్ ఆవిరి చేసేటప్పుడు తేలికైనవి ఎగిరిపోతాయి, సిలికా కొంత మింగేస్తుంది, గాజు గోడకు కొంత అంటుకుంటుంది. ఎంత పోయిందో తెలియడానికి మొదట్లోనే, క్రూడ్ తూచిన క్షణాన్నే, ప్రకృతిలో లేని ఒక చుట్టాన్ని తెలిసిన మోతాదులో కలుపుతారు, ఉదాహరణకు కొన్ని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి తయారు చేసిన స్టెరేన్. అది కూడా అదే దారిలో అవే దెబ్బలు తింటుంది. చివర్లో అది 70 శాతమే మిగిలితే అసలు అణువు కూడా దాదాపు అంతే మిగిలి ఉంటుందని సరిదిద్దుకుంటారు. దీన్ని చివర్లో మెషీన్‌లో పెట్టే ముందు కలిపితే మధ్యలో పోయిన లెక్క ఎప్పటికీ తెలియదు.

పోవడం ఒక బాధ, వచ్చి చేరడం అంతకన్నా పెద్ద బాధ. ప్లాస్టిక్ మూత తగిలితే థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు), 149 బరువు దగ్గర పీకు. చేతి వేలు తగిలితే చర్మం మీది స్క్వాలీన్. పంపు నూనెలో, డీజిల్‌లో, గ్రీజులో నిజమైన హోపేన్లే ఉంటాయి, ఎందుకంటే అవీ చమురు నుంచి వచ్చినవే. ఇవి ఎంత దూరం తీసుకెళ్తాయో పిల్బారా కథ చూస్తే తెలుస్తుంది. 1999లో యోఖెన్ బ్రాక్స్, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలోని పిల్బారాలో 270 కోట్ల ఏళ్ల నాటి శిలల నుంచి స్టెరేన్లు తీశామని ప్రకటించారు. అంటే కేంద్రకమున్న జీవులు అప్పటికే ఉన్నాయని, శిలాజాలు చెప్పే కాలం కన్నా ఎన్నో కోట్ల ఏళ్ల ముందే పుట్టాయని. పాఠ్యపుస్తకాలు మార్చాల్సినంత సంగతి. 2008లో ఆ శిలలోని కార్బన్ ఐసోటోపులతో ఈ అణువులు పొసగడం లేదని ఒక పరిశోధన వచ్చింది, దాని రచయితల్లో బ్రాక్స్ కూడా ఉన్నాడు. తన ఫలితాన్ని తానే అనుమానించడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత పిల్బారాలో మళ్లీ డ్రిల్ చేశారు, ఈసారి డ్రిల్లింగ్ దగ్గర నుంచి కోత దాకా నూనె మరక సోకకుండా ప్రతి మెట్టునూ కాపలా కాస్తూ, శిలతో పాటు ఖాళీ శాంపిళ్లను కూడా అదే దారిలో నడిపిస్తూ. ఖాళీ శాంపిల్ అంటే శిల లేకుండా మిగతా తతంగమంతా జరిపించినది. ఫలితం 2015లో వచ్చింది: శిలలో దొరికిన హోపేన్లు, స్టెరేన్లు ఎంతో, ఏ శిలా లేని ఆ ఖాళీ శాంపిల్లో దొరికినవీ దాదాపు అంతే.